పాటలో కూతుళ్ళు, పీఠం మీద కొడుకులు

మొన్నటి కార్యకర్తల శిబిరంలో నన్ను చూసి అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళు మగవాళ్ళు కారు. ఇరవై ఏళ్ళుగా నాతోపాటు పోలీస్ స్టేషన్ల మెట్లెక్కి దిగినవాళ్ళే, కోర్టు వరండాల్లో నాతోపాటు సాయంత్రం దాకా నిలబడ్డవాళ్ళే. మన సభలు మొదలుపెట్టేటప్పుడు పాడుకునే పాట పల్లవిలో "తమ్ముడా" అనే పిలుపు ఉంది కదా, ఆ మాట మార్చుకుందామని నేను ప్రతిపాదించాను. "వరకట్నం కేసులో సాక్షి మాట మార్చేసింది, దానికేం చెయ్యాలో తెలియక మేం చస్తుంటే నువ్వు తమ్ముడా చెల్లెలా అంటూ కూర్చున్నావా అక్కా" అంది ఒకమ్మాయి. నవ్వు అక్కడ మొదలైంది. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వాళ్ళకు అమెరికాలోని ఒక కాథలిక్ విశ్వవిద్యాలయం పాట గొడవ చెప్పడం మొదలుపెట్టాను. సగం చెప్పేసరికి భోజనాలకు పిలిచారు. మిగతా సగం చెప్పడానికే ఈ వ్యాసం.

ఇండియానా రాష్ట్రంలో సౌత్ బెండ్ ఊరి పక్కన నోటర్‌డేమ్ విశ్వవిద్యాలయం ఉంది. 1842లో ఎడ్వర్డ్ సోరిన్ అనే ఫ్రెంచి ఫాదరు పెట్టాడు. పేరు కూడా ఫ్రెంచిదే, మరియమాత పేరు. మనం "మన అమ్మ" అని చెప్పుకోవచ్చు. ప్రధాన భవనం బంగారు గుమ్మటం మీద ఆవిడ విగ్రహమే నిలబడి ఉంటుంది, చాలా దూరానికి కనపడుతుంది. అక్కడ చదువుకున్న మైకేల్ షే, జాన్ షే అనే అన్నదమ్ములు 1908లో "విక్టరీ మార్చ్" అనే పాట కట్టారు. ఒకరు బాణీ, ఒకరు మాటలు. అమెరికాలో ఆ బాణీ తెలియనివాళ్ళు తక్కువ. ఆ పాటలో విశ్వవిద్యాలయం తల్లి. ఆ తల్లి కోసం కదం తొక్కి గెలిచేవాళ్ళు కొడుకులు.

అమ్మ పేరుతో నడిచే ఇంట్లో కూతురన్న మాటే లేదు. మనకిది కొత్త కాదు. "మాతృదేవోభవ" అంటూనే ఆడపిల్ల పుడితే మొహం ముడుచుకునే ఇళ్ళను ఎన్ని చూడలేదు?

ఆ ఇంట్లో కూతుళ్ళు నిజంగా లేరా అని వెతికితే చరిత్ర వేరే సంగతి చెబుతుంది. విశ్వవిద్యాలయం పెట్టిన మరుసటి సంవత్సరం, 1843లో, హోలీక్రాస్ సిస్టర్లు నలుగురు ఫ్రాన్సు నుంచి సముద్రం దాటి వచ్చారు. వచ్చింది చదువుకోవడానికి కాదు, చదువు చెప్పడానికీ కాదు. వంట చెయ్యడానికి, బట్టలు ఉతకడానికి, చిరుగులు కుట్టడానికి, జబ్బుపడ్డవాళ్ళను చూసుకోవడానికి. కొడుకుల చొక్కాలు ఉతికింది వీళ్ళు. 1844లో వీళ్ళు ఆడపిల్లల కోసం మొదలుపెట్టిన బడే తర్వాత రోడ్డుకు అవతల సెయింట్ మేరీస్ కాలేజీ అయింది. నోటర్‌డేమ్ మొదటిసారి ఒక స్త్రీకి పట్టా ఇచ్చింది 1917లో. 1918 నుంచి వేసవి బడులకు కన్యస్త్రీలు వచ్చి చదువుకున్నారు. ఏడాదంతా బడుల్లో పాఠాలు చెప్పి, సెలవుల్లో తాము విద్యార్థినులై కూర్చున్నారు. వేసవి అయ్యాక వాళ్ళు వెళ్ళిపోయేవారు, పాట మాత్రం కొడుకులదిగానే ఉండిపోయింది.

సెయింట్ మేరీస్‌తో విలీనం కావాలని చర్చలు నడిచి 1971లో విఫలమయ్యాయి. ఇక తప్పక, 1972లో నోటర్‌డేమ్ తన డిగ్రీ తరగతుల తలుపులు ఆడపిల్లలకు తెరిచింది. మొదటి ఏడు వచ్చినవాళ్ళు 365 మంది. వేలమంది అబ్బాయిల మధ్య 365 మంది. వాళ్ళు చేరారు, చదివారు, ఫీజులు కట్టారు, పట్టాలు పుచ్చుకున్నారు, పాట పాడారు. తాము లేని పాటను నోరారా పాడారు. పాటలో "కొడుకులు" పక్కన "కూతుళ్ళు" అధికారికంగా చేరింది ఆ ప్రవేశానికి యాభై ఏళ్ళు నిండిన వేడుకల సందర్భంగా. 365 మందిలో ప్రతి ఒక్కరూ ఆ సరికి అమ్మమ్మ వయసుకు వచ్చి ఉంటారు.

నేను ఆ పాట విన్నది మార్పుకు ముందు, 2015 అక్టోబరులో. మా చెల్లెలి కూతురు అక్కడ ఎం.ఎ. చదువుతుంటే వెళ్ళాను. ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాల్ కాదు, ఒకరి మీద ఒకరు పడి దొర్లే ఆట. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ ఎనభై వేల మంది ఒక్కసారి లేచి పాట అందుకుంటే వెన్ను జలదరించింది, అది ఒప్పుకుంటాను. "పెద్దమ్మా, ఇప్పుడు విను, వెనక వరసలో అమ్మాయిలు ఒక మాట ఇరికిస్తారు" అని చెవిలో చెప్పింది పిల్ల. నిజమే. పాట వేగంగా పోతూ ఉండగా, "కొడుకులు" తర్వాత సందు చూసుకుని, నలుగురైదుగురు ఆడపిల్లలు "కూతుళ్ళు" అని అరిచారు. తాళం తప్పింది. మళ్ళీ అందుకున్నారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

మా పక్కన ఒక పెద్దాయన, అక్కడే చదువుకున్నవాడు, మనవరాలిని తెచ్చాడు. ఆ పిల్ల బుగ్గలకు రంగులు పూసుకుని తాతతో సమానంగా "కొడుకులు" అని పాడుతోంది. నేను ఊరుకోలేక అడిగాను. ఆయన చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మాటలో అందరూ ఉన్నారట. తన కూతురు కూడా ఇక్కడే చదివిందట, ఎన్నడూ బాధపడలేదట. సరే, అందరూ ఉన్నారనే అనుకుందాం, మరి ఒక్క ఆటకు మీరూ నేనూ కలిసి "కూతుళ్ళు" అని మాత్రమే పాడదామా, అందులో మీరు కూడా ఉన్నారనుకుందాం అన్నాను. నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు. కానీ మా శిబిరంలో విన్న నవ్వు అచ్చం అలాంటిదే.

"అందులో మీరు కూడా ఉన్నారు" అనే ఈ వాదన ఎంత బలహీనమో 2018 ఏప్రిల్ 1న తెలిసిపోయింది. ఈస్టర్ ఆదివారం. మహిళల బాస్కెట్‌బాల్ జాతీయ ఫైనల్లో ఆఖరి క్షణంలో అరికే ఒగున్‌బొవాలె వేసిన బంతితో నోటర్‌డేమ్ గెలిచింది. కోచ్ మఫెట్ మెక్‌గ్రా, ఆమె కూడా స్త్రీయే. 2001లో మొదటి కప్పు తెచ్చిన కోచ్ కూడా ఆమే. మహిళల సాకర్ జట్టు అప్పటికే 1995లో, 2004లో, 2010లో గెలిచి ఉంది. అన్ని కప్పులూ ఆడపిల్లలు గెలుచుకొచ్చినా, అధికారిక పాట ప్రకారం గెలిచింది కొడుకులే.

సంప్రదాయం అనే వాదన ఉంది కదా, దాని గురించి కూడా రెండు మాటలు. తాతల నాటి పాట, చెయ్యి పెట్టకూడదు అంటారు. తాతలు స్వయంగా చేతులు పెడుతూనే వచ్చారు. కెనడా జాతీయగీతం చూడండి. 1908లో రాబర్ట్ స్టాన్లీ వియర్ రాసిన ఇంగ్లీషు పాఠంలో కొడుకుల ప్రసక్తి లేనే లేదు, అందరికీ వర్తించే మాటే ఉంది. కొన్నేళ్ళలోనే ఆయనే దాన్ని మార్చి కొడుకులను తెచ్చిపెట్టాడు. ఆ మార్పును ఎవరూ సంప్రదాయ భంగం అనలేదు. వంద ఏళ్ళ తర్వాత, 2018లో, చట్టం చేసి మళ్ళీ అందరి మాటను తెచ్చుకున్నప్పుడు మాత్రం సంప్రదాయం గుర్తుకొచ్చింది. ఆస్ట్రియా జాతీయగీతం రాసింది పౌలా ఫొన్ ప్రెరాడోవిచ్ అనే కవయిత్రి. ఆమె చేతే ఆ పాటలో దేశపు గొప్ప కొడుకులు మాత్రమే చోటు చేసుకున్నారు! కూతుళ్ళు చేరింది 2012లో. మనం రాసుకునే పాటల్లో కూడా మగమాట ఎలా వచ్చి కూర్చుంటుందో అర్థం చేసుకోవడానికి ఈ కవయిత్రి కథ ఒక్కటి చాలు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం 1969లో ఆడపిల్లలను చేర్చుకుని 1987లో పాట మార్చుకుంది. కొడుకుల చోట హృదయాలు అని పెట్టింది. ఆకాశమేం విరిగిపడలేదు.

నోటర్‌డేమ్ దగ్గరే దీనికి ఇంకో రుజువుంది. వాళ్ళకు 1930 నాటి మరో పాట ఉంది, ఆట అయిపోయాక భుజాల మీద చేతులేసుకుని పాడేది. అదీ అమ్మను గురించే. అందులో కొడుకులూ లేరు, కూతుళ్ళూ లేరు. అమ్మ ఒక్కతే ఉంది. ఎవరు పాడితే వాళ్ళ అమ్మ. ఆ రోజుల్లోనే, ఒక ఫాదరే రాశాడు దాన్ని. రాయడం చాతకాక కొడుకులను పెట్టారనడానికి వీల్లేదు.

ఇక తాళం చెడుతుందన్నవాళ్ళున్నారు. కొత్త మాటకు చోటివ్వడానికి పక్కనున్న మాటను కాస్త కుదించారు, అంతే. బాణీ ఎక్కడా కుంటుపడలేదు. ఉన్న బాణీకి కొత్త మాటలు కట్టడమంటే మన ఆడవాళ్ళకు నేర్పాలా? నాట్లేస్తూ, దంచుతూ పాడే పాటకు ఒక పాఠం ఉంటుందా అసలు? సారా ఉద్యమం రోజుల్లో, 1992లో, నెల్లూరు జిల్లా ఊళ్ళలో ఆడవాళ్ళు తెలిసిన బాణీలకే తమ గోడు కట్టుకుని పాడారు. తాళం చెడిందని ఫిర్యాదు చేసినవాళ్ళు లేరు, సారా కాంట్రాక్టర్లు తప్ప.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళ తంటా, మన భాషకు ఆ పీడ లేదు అనుకునేవాళ్ళకు ఒక్కమాట. 1858 నాటి చిన్నయసూరి బాలవ్యాకరణం తెరిచి చూడండి. ఆడవాళ్ళూ, పశుపక్షులూ, జడపదార్థాలూ కానివి మహత్తులట. మహత్తు అంటే గొప్పది. ఆ లెక్కన ఆమె వచ్చింది, గేదె వచ్చింది, వాన వచ్చింది. అతను మాత్రం వచ్చాడు. గేదెతో పోల్చినందుకు నాకు బాధ లేదు, ఇంటికి పాలిచ్చేది అదే. కానీ ఇదే వ్యాకరణంలో నలుగురు ఆడవాళ్ళు కలిస్తే "వచ్చారు" అవుతుంది! ఒక్కతిగా ఉన్నంతకాలం గేదె పక్కన, గుంపుగా వస్తే మనుషుల పక్కన. మనం సంఘాలు పెట్టుకున్నది ఇందుకేనేమో అని ఒకసారి సభలో అంటే, అప్పుడు కూడా నవ్వారు. ఆ నవ్వు వేరు.

ఇప్పుడు మా శిబిరం వాదనకు వస్తాను. నాకు మనసులో గుచ్చుకున్నది ఆ పెద్దాయన వాదన కాదు, ఇదే. "మాటలు మారిస్తే ఏమొస్తుంది? అసలు సమస్యలు వదిలేసి ఇదేమిటి?" మాట నిజంగా అంత చిల్లరదైతే, దాన్ని కాపాడటానికి అధికారం ఉన్నవాళ్ళు అంత శ్రమ ఎందుకు పడతారు? కాథలిక్ చర్చినే తీసుకోండి. 1989లో ఇంగ్లీషులో ఒక కొత్త బైబిలు అనువాదం వచ్చింది, "న్యూ రివైజ్డ్ స్టాండర్డ్ వెర్షన్" అని. గ్రీకు మూలం స్త్రీపురుషులందరినీ పిలిచిన చోట "సహోదరులారా" అని మాత్రమే కాక "సహోదరీ సహోదరులారా" అని వచ్చేలా చేశారు. అమెరికా బిషప్పులు 1991లో పూజల్లో చదవడానికి దానికి ఆమోదం తెలిపారు. 1994లో రోము ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. చర్చి ధర్మబోధ గ్రంథం 1992లో ఫ్రెంచిలో వచ్చింది. దాని ఇంగ్లీషు అనువాదంలో స్త్రీలను కలుపుకొనే మాటలు వాడారని, ఆ ప్రతిని తిరగరాయించి 1994లో గానీ విడుదల చెయ్యలేదు. అదే 1994 మే నెలలో రెండో జాన్ పాల్ పోపు, స్త్రీలకు గురుపట్టం ఇచ్చే అధికారం చర్చికి లేదని లేఖ రాశాడు. ఒకే ఏడు మూడు పనులు. రెండు మాటల మీద, ఒకటి పదవి మీద. మాటకూ పదవికీ సంబంధం లేదని మనం అనుకుంటున్నాం, వాళ్ళు అనుకోలేదు.

మన దేశానికి వద్దాం. 2010లో భారత కాథలిక్ బిషప్పులు జెండర్ పాలసీ అని ఒక పత్రం ప్రకటించారు. స్త్రీల సమానత్వం గురించి అందులో మంచి మాటలే ఉన్నాయి. పదేళ్ళు గడిచాక, 2020 ఏప్రిల్ నుంచి, మన దేశంలో ఇంగ్లీషు పూజల్లో చదివే పాఠాలకు "ఇంగ్లీష్ స్టాండర్డ్ వెర్షన్" అనువాదాన్ని తీసుకున్నారు. అందులో పౌలు లేఖలు "సహోదరులారా" అనే పిలుస్తాయి. ఆ బైబిలు కొని చూస్తే పేజీ అడుగున చిన్నక్షరాల్లో సహోదరీలు కూడా కావచ్చునని ఉంటుంది. గుడిలో చదివేవాళ్ళు అడుగున ఉన్నది చదవరు కదా. పాలసీలో సమానులం, పాఠంలో అడుగున చిన్నక్షరాలం.

కాబట్టి మాట మారాలి. ఈ విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు. నా గొడవ ఆ తర్వాతి మెట్టు దగ్గర.

నోటర్‌డేమ్ పాట మారిన వార్త పిల్ల ఫోనులో చెప్పింది. సంబరంగా ఉంది దాని గొంతు. నేనూ సంబరపడ్డాను. తర్వాత అడిగాను, మరి మీ యూనివర్సిటీకి ఆడమనిషి అధ్యక్షురాలు అయ్యే వీలుందా అని. కాసేపు మాట్లాడలేదు. లేదు. ఆ సంస్థ పాలన 1967లోనే ఫాదర్ల చేతి నుంచి ట్రస్టీల బోర్డుకు మారింది. బోర్డులో గృహస్థులున్నారు, స్త్రీలున్నారు. అయినా అధ్యక్షుడు హోలీక్రాస్ సభకు చెందిన, ఆ దేశపు ప్రావిన్సు గురువుల్లోంచే రావాలని నియమం ఉంచుకున్నారు. గురువు కావాలంటే మగవాడు కావాలి. 1842 నుంచి ఇప్పటిదాకా పద్ధెనిమిది మంది అధ్యక్షులు, పద్ధెనిమిది మందీ ఫాదర్లే. 2024లో జాన్ జెంకిన్స్ దిగిపోతే రాబర్ట్ డౌడ్ వచ్చాడు. 2020లో ప్రొవోస్టు పదవికి, అంటే అధ్యక్షుడి తర్వాతి కుర్చీకి, ఒక స్త్రీని తెచ్చారు, కాదనను. రెండో కుర్చీ దాకా రానిస్తారు. మొదటి కుర్చీ దగ్గర నియమావళి అడ్డం పడుకుని ఉంది.

ఇది చర్చి సిద్ధాంతం కదా, విశ్వవిద్యాలయం ఏం చేస్తుంది అని సర్దిచెప్పేవాళ్ళుంటారు. సర్దుకోనక్కరలేదు. విశ్వవిద్యాలయాన్ని నడపడానికి పూజ చెయ్యడం రావాలని ఏ సిద్ధాంతమూ చెప్పలేదు. న్యూయార్కులో జెసూట్ల ఫోర్డమ్ విశ్వవిద్యాలయానికి 2022 జూలైలో తానియా టెట్లో అనే ఆమె అధ్యక్షురాలైంది. ఆమె కన్యస్త్రీ కూడా కాదు, మామూలు గృహిణి, లాయరు. ఫోర్డమ్ కాథలిక్కుగానే ఉంది. నోటర్‌డేమ్ తన నియమాన్ని తనే రాసుకుంది, తనే కొట్టివేసుకోగలదు. పాటలో మాట మార్చినదాని కంటే అదేమంత పెద్ద పని కాదు, కలంతో ఒక గీత.

ఇక్కడ నాకు కేరళ మేరీ రాయ్ గుర్తుకొస్తుంది. తిరువాన్కూరు క్రైస్తవ వారసత్వ చట్టం 1916లో కూతురన్న మాటను మరిచిపోలేదు. చక్కగా రాసింది. తండ్రి వీలునామా రాయకుండా పోతే కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా అయిదు వేల రూపాయలు, ఏది తక్కువైతే అది. ఏది ఎక్కువైతే అది కాదు, ఏది తక్కువైతే అది! మేరీ రాయ్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1986లో దాన్ని చెల్లకుండా చేయించింది. అంటే కూతురి పేరు కాగితం మీద ఉండటం ఒక ఎత్తు, ఎంత వాటాతో ఉందో చూసుకోవడం ఇంకో ఎత్తు. నోటర్‌డేమ్ కూతుళ్ళకు పాటలో సగం వాటా దొరికింది. పీఠంలో నాలుగో వంతు కూడా లేదు.

అందుకే యాభై ఏళ్ళ పండుగకు కానుకలా పై నుంచి వచ్చిన ఆ మార్పుకు కృతజ్ఞతలు చెప్పమంటే నేను చెప్పను. అది కానుక కాదు, యాభై ఏళ్ళు ఆలస్యంగా తీర్చిన బాకీలో మొదటి వాయిదా. స్టాండుల్లో తాళం తప్పినా సరే ఆ మాటను ఇరికించి అరిచిన పిల్లలు దాన్ని వసూలు చేశారు. మిగతా వాయిదాలు కూడా వాళ్ళే అడగాలి. అడగడానికి ఇప్పుడు వాళ్ళ చేతిలో ఒక పత్రం ఉంది: ప్రతి శనివారం వేల గొంతులతో యూనివర్సిటీయే పాడించే పత్రం. మేం కూతుళ్ళమని మీరే అన్నారు కదా, మరి ఆ కుర్చీ కొడుకులకే ఎందుకు రాసిపెట్టారు అని అడగవచ్చు. పాట మారకముందు ఈ ప్రశ్న అడిగే వీలు కూడా లేదు. "మాట మారితే ఏమొస్తుంది" అన్నదానికి నా జవాబు ఇదే, మీకు చిన్నదిగా కనిపిస్తే కనిపించనివ్వండి.

వరకట్నం కేసు సాక్షి సంగతి అడిగిన అమ్మాయికి కూడా జవాబు బాకీ ఉన్నాను. ఆ సాక్షి చనిపోయిన పిల్లకు చెల్లెలు. పుట్టింట్లో ఆస్తి తమ్ముడికి, మాట తమ్ముడిది. కేసు రాజీ చేసుకోమన్నది వాడే. ఆ చెల్లెలు మొదటిసారి మన సభకు వచ్చిన రోజున మనం లేచి నిలబడి పాడిన పాట ఎవరిని పిలిచిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

పాట సంగతి వచ్చే సర్వసభ్య సమావేశంలో చివరి అంశంగా, "ఇతరములు" కింద పెడతామని కార్యదర్శి ఉత్తరం రాసింది. మొదటి అంశంగా పెట్టాలని నేను తిరుగు ఉత్తరం రాశాను. పాట మనం మొదట్లోనే కదా పాడేది.